పయోం జుట్టూ, తాత కిరీటమూ

త్రాంగ్ పట్నంలో ముందుభాగం కప్పతలలా ఉండే టుక్‌టుక్ ఆటో నడిపే పయోం జుట్టు గురించి అబద్ధాలాడాల్సిన అవసరం ఎవరికీ లేదు. నిజం చెబితేనే ఎవరూ నమ్మరు. ఒకసారి అందులో దువ్వెన విరిగి సగం లోపలే ఉండిపోయింది. కొత్త సంవత్సరం నీళ్లాటలో ఎవరో ఆమె నెత్తిన బకెట్టు కుమ్మరిస్తే, ఆ సగం దువ్వెన ఇంకో దువ్వెనను వెంటపెట్టుకుని బయటికొచ్చింది. గుడిలో భిక్షువులు మంత్రాలు చదువుతుంటే ఆమె తల వెనకనుంచి బల్లి పలికింది. పెద్ద భిక్షువు మంత్రం ఆపి మరీ విన్నాడు. వాన మొదలైనప్పుడు రోడ్డుమీద అందరూ తడుస్తారు, పయోంకి మాత్రం ఇల్లు చేరాక గాని నెత్తి తడవదు. ఆమె బండెక్కినవాళ్లకి ముందు రోడ్డు కనపడదు, జుట్టే కనపడుతుంది. అయినా ఎక్కుతారు, ఎండ తగలదని.

ఆ జుట్టే ఒకసారి ప్రాణం కాపాడింది. సంతనుంచి వస్తుంటే కాలవగట్టు మీద బండి జారింది. వెనక సీట్లో పంది మాంసం బుట్టతో కూర్చున్న వాళ్లమ్మ ఇమ్ దూకేసి, దొర్లిపోతున్న బండి వెంట పరుగెత్తుతూ అరిచింది: "తాతలారా! గురువులారా! నా పిల్లని బతికించండి! మా నాన్న కిరీటం దాని నెత్తిన పెట్టి ఆడిస్తాను!"

బండి బోర్లా పడింది. పయోం తల ముందు సీటు రేకుకి కొట్టుకుని, పరుపుమీద పడ్డట్టు పైకెగిరి కూర్చుంది. చిన్న గీత కూడా పడలేదు. మాంసం మాత్రం చేపల పాలైంది.

"గురువులే కాపాడారే" అంది ఇమ్.

"జుట్టు కాపాడిందమ్మా."

"జుట్టుకి మొక్కుకోలేదు నేను. గురువులకి మొక్కుకున్నాను. నోరు మూసుకుని ఆడు."

పయోం తాత, కిరీటం పెట్టుకుని పోయిన గురువుల పేర ఆడే మనోరా నాట్యంలో పెద్ద ఆటగాడు. ఆయన పోయాక కిరీటం ఇమ్ తమ్ముడు క్లాయ్‌కి వచ్చింది. మోకాళ్లు అరిగేదాకా ఆయనే పెట్టుకుని ఆడాడు. మొక్కు తీర్చడానికి ఈ ఏడు ఇంటి ముందు పందిరి వేశారు. ఆనవాయితీ ప్రకారం బుధవారం సాయంత్రం మేళం పందిట్లోకి దిగుతుంది, గురువారం మధ్యాహ్నం మొక్కు తీర్చాలి. ఆటలో కిరీటం జారి కింద పడిందా, మొక్కు తీరనట్టే.

"గురువులకి కోపమొస్తే మెడ తిప్పేస్తారే. మొహం వీపువైపుకి వస్తుంది" అని భయపెట్టింది ఇమ్.

"మంచిదేగా. బండి వెనక్కి తిప్పేటప్పుడు పనికొస్తుంది" అంది పయోం. అంది గాని, రాత్రి పడుకునేటప్పుడు మెడ ఓసారి తడిమి చూసుకుంది.

బుధవారం పొద్దున్న, పూజ బల్లమీద పెట్టేముందు కిరీటాన్ని ఓసారి పయోం తలకి పెట్టి చూశారు. అది జుట్టుమీద నిలబడింది. దిగలేదు. ఇమ్ రెండు చేతులతో నొక్కింది. వదలగానే కిరీటం పైకి లేచింది, ఉడుకుతున్న అన్నం మీద మూతలాగ.

"మా నాన్న కిరీటమా, గడ్డివాము మీద కాకా అది!" అని క్లాయ్ మామ తన నున్నటి గుండు నిమురుకుంటూ నవ్వాడు. "నా తలకైతే ఎంత చక్కగా కూర్చునేదో!"

"నీ తలమీద గుమ్మడికాయ పెట్టినా కూర్చుంటుంది మామా."

ఇమ్ నవ్వలేదు. కిరీటం లోపలికి దారం పెట్టి కొలత తీసి, వంటింట్లో గిన్నెలన్నీ కిందికి దించి, సరిగ్గా ఆ కొలతకి వచ్చే అల్యూమినియం గిన్నె ఒకటి పట్టుకొచ్చింది. "ఇది నెత్తికి పట్టేదాకా ఇంటికి రావద్దు" అని పయోం చేతిలో పెట్టింది.

పయోం బండి నేరుగా రియం అక్క దుకాణం ముందు ఆగింది. పయోం జుట్టు కత్తిరించగల మనిషి ఆ జిల్లాలో రియం ఒక్కతే. దుకాణం తలుపులు మూసి ఉన్నాయి. లోపల రియం తన కత్తెరలన్నీ ఎర్రగుడ్డలో చుట్టి, వాటిముందు మల్లెదండ పెట్టి, పక్కనే కూర్చుని నూడుల్సు తింటోంది.

"అక్కా, ప్రాణం మీదికొచ్చింది. కొంచెం కొయ్యవా?"

"ఇవాళ ఏ వారం?"

"బుధవారమే అనుకో..."

"అనుకోవడమేంటే! బుధవారం నా గురువు కత్తెర పట్టలేదు, ఆవిడ గురువూ పట్టలేదు. రేపు కోడి కూశాక రా."

"రేపు మధ్యాహ్నమే ఆట అక్కా! కిరీటం సరిపోకపోతే మెడ తిరిగిపోతుంది!"

"నీది బుధవారం కోస్తే నా చెయ్యి తిరిగిపోతుంది. నీ మెడకన్నా నాకు నా చెయ్యి ముఖ్యం. గిన్నె ఎందుకే, నూడుల్సు కావాలా?"

పయోంకి ఒళ్లు మండింది. టౌన్లో పెద్ద బజారు మేడమీద చల్లటి గదుల సెలూన్ ఒకటి కొత్తగా పెట్టారు. దానికి వారమూ లేదు, వర్జ్యమూ లేదు. బండి అటు తిప్పింది.

అక్కడ పొడుగాటి గోళ్ల అమ్మాయి పయోంని కుర్చీలో కూర్చోబెట్టి, జుట్టులో చెయ్యి పెట్టింది. చేతికున్న వాచీ లోపల ఎక్కడో ఊడిపోయింది. అది వెతకడానికి ఇంకో అమ్మాయి వచ్చింది.

"చాలా ఒత్తు కదా ఆంటీ. పల్చన చేసేద్దాం" అంది గోళ్లమ్మాయి.

"నా తల ఈ గిన్నెలో పట్టాలి. ఆపైన నీ ఇష్టం."

ఆ పిల్ల గిన్నెనీ పయోంనీ మార్చి మార్చి చూసింది. జుట్టంతా తడిపింది. దువ్వెనలా పళ్లున్న కత్తెర తీసుకుని కుదుళ్ల దగ్గర్నుంచి కరకరలాడించింది. నేలమీద గొర్రెపిల్ల పడుకున్నంత జుట్టు పోగైంది. తర్వాత వేడి గాలి కొట్టి, ఇస్త్రీ పెట్టి సాపు చేసింది. అద్దంలో పయోం తనని తాను గుర్తుపట్టక, పక్కకి జరిగి దారిచ్చింది. గిన్నె నెత్తిన పెడితే చెవులదాకా దిగింది. సెలూన్లో అందరూ చప్పట్లు కొట్టారు.

"రియం అక్కా, నీ ఎర్రగుడ్డ నువ్వే ఉంచుకో" అనుకుంటూ, గిన్నె పక్క సీట్లో పెట్టుకుని రాణిలాగ బయల్దేరింది.

గడియారస్తంభం దగ్గర గాలి తగిలింది. రైల్వే గేటు దగ్గర చినుకు పడింది. ఇల్లు చేరేసరికి కుదుళ్లలో తెగిన పొట్టి వెంట్రుకలన్నీ ఈతముళ్లలాగ నిక్కబొడుచుకుని, మీది పొడుగు జుట్టుని నాలుగు వైపులా పైకి తోశాయి. పొద్దున్న ఉన్నదానికి రెండింతలైంది. మేళంవాళ్లు అప్పుడే పందిట్లోకి దిగుతున్నారు. పయోం గుమ్మంలో నిలబడగానే డోలువాడు తాళం తప్పాడు.

"గిన్నె ఏదే?" అంది ఇమ్.

పయోం గిన్నె నెత్తిన పెట్టుకుంది. అది అటూ ఇటూ ఊగి, దొర్లి, ఇమ్ కాళ్ల దగ్గర పడింది. ఇమ్ ఒక్క మాట కూడా అనలేదు. పూజ బల్లమీదున్న కిరీటం వైపు చూసి, చేతులు జోడించి అలాగే నిలబడిపోయింది. తిట్టి ఉంటే పయోం తట్టుకునేది. ఇప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. మెడ సంగతి అలా ఉంచి, అమ్మ నోరు మూతపడటం ఆమె ఎన్నడూ చూడలేదు.

గురువారం తెల్లారేసరికి పయోం వెళ్లి రియం దుకాణం గుమ్మంలో కూర్చుంది. రియం తలుపు తీసి, చూసి, మళ్లీ వేసేసింది. మళ్లీ తీసింది.

"ఎవరే చేసింది?"

"ఎవరూ కాదు అక్కా. గాలికి..."

"గాలికి పళ్ల కత్తెర ఉంటుందా? బుధవారం నాడు, తడి తలమీద, కుదుళ్లలో! చెప్పులు విడిచి లోపలికి రా. ఆ గిన్నె బయట పెట్టు. నీ తల వండుతానా ఏంటి!"

రియం ఎర్రగుడ్డ విప్పింది. నీళ్లు ముట్టలేదు. జుట్టు పొడిగా, అది ఎటు పడాలనుకుంటే అటు పడనిచ్చి, పాయలు పాయలుగా విడదీసి క్లిప్పులు పెట్టింది. క్లిప్పులు చాలక బట్టలారేసే క్లిప్పులు కూడా తెచ్చింది. మెడమీది అడుగు జుట్టుని పొట్టిగా తీసేసింది. ఒక్కో పాయ ఎత్తి, అరచేతిలో బరువు తూచి, మధ్యలో మాత్రం కొంచెం కొంచెం తగ్గించింది. కొసలు ముట్టుకోలేదు.

"కొసలు కూడా పల్చన చెయ్యి అక్కా."

"కొస బరువుగా ఉంటేనే జుట్టు మాట విని కిందికి దిగుతుంది. నువ్వు నోరు తగ్గించు, అది ఎలాగూ పల్చబడదు."

నిక్కిన పొట్టి వెంట్రుకలమీద కొబ్బరినూనె రాసి, బరువైన పాయలు వాటిమీద దుప్పటిలా దించింది. పయోం లేచి తల విదిలించింది. జుట్టు కదిలి, మళ్లీ దాని చోటుకి అదే వచ్చింది. మెడవెనక ఏదో చల్లగా తగిలింది. ఎవరు ఊదారా అని వెనక్కి తిరిగి చూసింది. గాలి. పుట్టి బుద్ధెరిగాక అక్కడికి గాలి రావడం అదే మొదలు.

మధ్యాహ్నం పందిట్లో, డోళ్లూ సన్నాయీ మోగుతుంటే, ఇమ్ కిరీటాన్ని పయోం తలమీదికి దించింది. కనుబొమల పైదాకా వచ్చి ఆగింది. పయోం వంగింది, గిరగిరా తిరిగింది, మోకాళ్లమీద కూర్చుని లేచింది. ఆమె ఆట చూసి ముసలివాళ్లు నవ్వాపుకోలేకపోయారు. కిరీటం మాత్రం మేకు కొట్టినట్టు కదల్లేదు. ఇమ్ ఏడుస్తూ, మధ్యలో "చెయ్యి పైకెత్తవే, మొద్దూ!" అని అరిచింది. ఆ తిట్టుకి పయోం మెడమీది భారమంతా దిగిపోయింది.

ఆట అయ్యాక క్లాయ్ మామ కిరీటం అందుకుని, తుడుద్దామని లోపల చెయ్యి పెట్టి ఆగిపోయాడు. లోపలి అంచు చుట్టూ కుట్టిన మందపాటి తువ్వాలొకటి కుట్లు తెంపి బయటికి లాగాడు.

"అరె! అస్తరు కాదిది, నా గుండుకి జారిపోతుందని నేనే కుట్టుకున్న గుడ్డ... ఇందులోనే ఉందే!"

అందరూ పయోం వైపు చూశారు. ఇమ్ తువ్వాలు లాక్కుని తమ్ముణ్ణి దానితోనే ఒక్కటి వేసింది. "ఇది తీసుంటే బుధవారమే పట్టేదిగా, గుండోడా!"

మూల కూర్చుని అన్నం తింటున్న రియం తలెత్తలేదు, నమలడం మాత్రం ఆపింది.

పయోం మెడవెనక చెయ్యి పెట్టుకుంది. అక్కడ ఇంకా చల్లగానే ఉంది.

"అది మళ్లీ కుట్టెయ్ మామా" అంది. "ఇకనుంచి నా జుట్టు ఇలాగే ఉంటుంది, నా తలకీ ఆ గుడ్డ ఉండాల్సిందే. అక్కా, వచ్చే నెల ఏ వారం రమ్మంటావ్?"

"బుధవారం తప్ప" అని రియం మళ్లీ నమలడం మొదలుపెట్టింది.