కెప్టెన్ ఝంఝాకు పెళ్లయిందా, లేదా?

మా చిన్నప్పుడు... మా ఓబులేసు మామకు పెళ్లిచూపులని జమ్మలమడుగు నుంచి పులివెందులకు బస్సెక్కాం. మా అమ్మ, సంబంధం తెచ్చిన సుబ్బన్న తాత, మామ, కిటికీ పక్కన నేను. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఈ పెళ్లి కుదిరితే పట్టులంగా కుట్టిస్తానని అమ్మ మాటిచ్చింది. కాబట్టి ఆ పెళ్లి మామ కంటే నాకే ఎక్కువ అవసరం.

మామ అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. బళ్లో పంతులు. ముప్పై వచ్చినా పెళ్లి ధ్యాస లేదు... ఆయన ఈ లోకంలో ఉంటే కదా! ప్రొద్దుటూరులో అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకునే కెప్టెన్ ఝంఝా నవలల్లోనే ఆయన కాపురం. ఆ ఝంఝా ఎడారులు దాటేవాడు, సొరచేపల నోట్లోంచి బయటపడేవాడు. ఆఖరి నవలలో కాలిపోతున్న ఓడ మీంచి సముద్రంలోకి దూకాడు... అంతే, ఆ రచయిత మళ్లీ రాయలేదు. దూకినవాడు ఏమయ్యాడని మామకు ఒకటే రంధి. అన్నం తింటూ అదే, సైకిల్ తొక్కుతూ అదే.

పులివెందులలో మాకు ఓళిగలు, అదే బొబ్బట్లు, పెట్టారు. అమ్మాయి పేరు సరోజ. వచ్చి చాప మీద కూర్చుంది. అప్పట్లో పిల్లకు చదువొచ్చో రాదో చూడ్డానికి ఏదో ఒకటి చదివించేవాళ్లు. సుబ్బన్న తాత పేపర్ కోసం వెతుకుతుంటే, మా మామ సంచిలోంచి ఏం తీశాడనుకున్నారు? ఆ ఆఖరి నవలే! అమ్మ తల పట్టుకుంది.

సరోజ దాన్ని తెరవనైనా తెరవలేదు. "ఇది నేను రెండుసార్లు చదివినా" అంది. మామ మొహం వెలిగిపోయింది. నా పట్టులంగా ఖాయమనుకున్నాను.

"అయితే చెప్పండి... దూకినాక ఆయప్ప ఏమైంటాడు?" అన్నాడు మామ.

"ఏమైతాడు? ఒడ్డుకొచ్చి పెండ్లి చేసుకొనింటాడు. ఇద్దరు బిడ్డలు పుట్టింటారు. ముసలోడైనాక మోకాళ్ల నొప్పులని పెండ్లాం మీద ఇసుక్కుంటా కూర్చుంటాడు."

"ఝంఝాకు పెండ్లాం ఏందండీ! అట్లాంటోళ్లకు ముసలితనం గూడా రాదు."

"రాకుండా యాడికి పోతాది?" అందామె నవ్వుతూ.

ఇంక చూడండి... కాఫీలు చల్లారిపోయాయి, పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, వీళ్లిద్దరి వాదన మాత్రం తెగలేదు. పోనీలే, నవ్వుకుంటూనే పోట్లాడుకుంటున్నారు, కుదిరినట్టే అనుకుంది అమ్మ.

నాలుగు రోజులకు సుబ్బన్న తాత కబురు తెచ్చాడు. "పిల్ల సరే అనిందమ్మా. ఒగే షరతు... ఆ ఝంఝాకు పెండ్లయిందని మీవోడు ఒప్పుకోవల్లంట!"

అమ్మకు నవ్వాగలేదు. సరోజ సరదాకి అడిగిందని తొమ్మిదేళ్లదాన్ని, నాకే తెలిసింది. మామకు తెలిస్తేనా!

"ఒప్పుకోను" అన్నాడు.

"కథలో మనిషికి పెండ్లయితే నీ సొమ్మేం పోతాదిరా?" అని అమ్మ అరిచింది. బతిమాలింది. ఆఖరికి ఏడ్చింది.

"అబద్ధం చెప్పి పెండ్లి చేసుకోమంటావా అక్కా?" అన్నాడు ఆ మహానుభావుడు.

సుబ్బన్న తాత కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. రెండు నెలల్లో సరోజకు తొండూరు అబ్బాయితో పెళ్లయిపోయింది. మామ ఆ తర్వాత ఎవరినీ చూడనే లేదు.

ఇప్పుడు ఆయన ప్రొద్దుటూరులో మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఫేస్‌బుక్‌లో ఝంఝా అభిమానుల గుంపొకటి ఉంది లెండి. పొద్దున లేస్తే అదే రచ్చ... ఝంఝాకు ఇప్పుడు వయసెంత, మనవలున్నారా, షుగరుందా అని! ఎన్నడూ మొహాలు చూసుకోని మనుషులు నోటికొచ్చినట్టు తిట్టుకుంటారు. మామకు చూపు ఆనదు కాబట్టి ఆయన చెప్పింది నేను టైపు చెయ్యాలి... నా ఖర్మ.

మొన్న సాయంత్రం ఉన్నట్టుండి, "రాయి పాపా... ఝంఝాకు పెండ్లయింది. ఇద్దరు బిడ్డలు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఈ మాట ఆ పొద్దు అనింటే నీ నోట్లోంచి ముత్యాలు రాలిపోతాండెనా మామా?"

ఆయన కళ్లద్దాలు తీసి పంచెకు తుడుచుకున్నాడు. "ఆ పొద్దు నాకు ముప్పై గదమ్మా... వానికి ముసలితనం రాదనుకుంటి. నాకూ రాదనుకుంటి."

టైపు చేసి పెట్టాను. నిమిషంలో ఎవరో కుర్రాడు అడిగాడు... ఆధారమేంటి తాతా, అని.

"పులివెందులలో ఒగాయమ్మ చెప్పిందని రాయి" అన్నాడు మామ.

ఆ రోజుల్లో వాదించాలంటే ఎదురెదురుగా కూర్చోవాలి... ఓడిపోతే ఆ మాట ఆ మనిషి మొహం మీదే చెప్పాలి. ఇప్పుడు ఊరూ పేరూ తెలియనివాళ్లంతా చదివి లైకులు కొడుతున్నారు. మామ ఓడిపోయానని ఎవరికి చెప్పాలో, ఆ ఒక్క మనిషే ఆ గుంపులో లేదు.

మీ ఇళ్లలోనూ ఇలాంటి మొండివాళ్లుంటే కింద రాయండి... ఆ మనిషి ఎదురుగా ఉన్నప్పుడే ఒప్పుకోమని వాళ్లకూ చెప్పండి.