అత్త తన పెరట్లో డ్యూటీకి ఎక్కిన చలికాలం

జగదల్‌పూర్‌లో పొద్దున్నే పాలు కాస్తుంటే బచేలి నుంచి ఫోను వచ్చింది. "ఒదినా, అమ్మ లేదు. నిద్దర్లోనే పోనాది" అంది మా మేనత్త కూతురు. స్టవ్ కట్టేసి, దొరికిన బస్సు ఎక్కాను.

మామయ్య రైల్వే గ్యాంగులో పనిచేసేవాడు. ఆయన జ్వరంతో పోయినప్పుడు, విజయనగరం వచ్చెయ్యమని మా నాన్న ఎంతో బతిమాలాడు. "నా గుంట సదివే బడి ఇక్కడుంది. నానెక్కడికీ రాను" అని అత్త అక్కడి గని టౌన్‌షిప్ తోటల్లో మాలీగా చేరింది. రిటైరయ్యేదాకా అదే పని. చలికాలం వస్తే టౌన్‌షిప్‌లో పూలప్రదర్శన పెడతారు. ఆమె పెంచిన గులాబీలకు ఎన్ని కప్పులు వచ్చాయో! మైకులో వినిపించేది మాత్రం ఆ తోట ఉన్న ఆఫీసరు బంగళావాళ్ల పేరు. అది అక్కడి ఆనవాయితీ.

ఆమె సొంత పెరడు చూస్తే ఎవరూ మాలీ ఇల్లనుకోరు. గట్టిపడిన ఎర్రమట్టి, మోకాలెత్తు గడ్డి, పగిలిన బకెట్లు. ఇరుగుపొరుగు ఆటపట్టిస్తే, "సాయంత్రానికి నా సేతులు నావి కావమ్మా. ఒచ్చే సలికాలం సూడండి" అనేది. నేను వెళ్లినప్పుడల్లా గుమ్మంలో టీ తాగుతూ వేలితో నేలమీద గీతలు గీసి చూపించేది. ఇక్కడ కాలీఫ్లవర్, ఆ గోడవార డేలియాలు, మధ్యలో కొత్తిమీర. ఏటా అవే గీతలు.

రిటైరైన ఏడాది పలుగు పట్టుకుని దిగింది. ఆ చలికాలం మంచు వదల్లేదు. నారు పసుపెక్కింది. ఆకులమీద గని నుంచి వచ్చే ఎర్రదుమ్ము పేరుకుంటే తడిగుడ్డతో తుడిచేది. చివరికి తట్టుకుని నిలబడిన క్యాబేజీని ఓ మధ్యాహ్నం ఆవులు కంచె తోసుకొచ్చి మేసేశాయి. అత్త గుమ్మంలో కూలబడి ఆ ఆవుల్ని తెలుగులో, హిందీలో, హల్బీలో వరసగా తిట్టింది. తిట్లయ్యాక లేచి వెళ్లి, హల్బీ మాట్లాడే పక్కింటావిడను వెదురు కంచె అల్లడం నేర్పమని అడిగింది.

మరుసటి చలికాలానికి ఆ కంచె లోపల డేలియాలు మొగ్గ తొడిగాయి. సరిగ్గా అప్పుడే తోటల సూపర్‌వైజరు వచ్చాడు.

"అమ్మా, ప్రదర్శన దగ్గరపడింది. బంగళా తోటకి మీ చెయ్యి పడాలి. ఈసారికి రండి."

"నాను డూటీలో ఉన్నాను బాబూ."

"రిటైరయ్యారు కదా? డ్యూటీ ఎక్కడ?"

"నా పెరట్లో" అంది, చేతిలో కలుపు తీసే ఖుర్పీ కింద పెట్టకుండానే.

ఆయన నవ్వేశాడు. పోనీ, ఓ బస్తా ఎరువైనా పంపిస్తానన్నాడు. "ఒద్దు. నాదే ఉంది" అంది.

ప్రదర్శనకు నన్ను కూడా పిలిచింది. ఇస్త్రీ చీర కట్టి, డేలియా కుండీని తనే నెత్తిన పెట్టుకుని వచ్చింది. మైకులో ఇంటిపేరుతో సహా ఆమె పేరు పిలిచారు. మూడో బహుమతి. నా మొహం చిన్నబోవడం చూసింది.

"ఏటే అలాగున్నావు?"

"మూడోదే కదత్తా."

"అయితే ఏటి? పేరు నాది కాదేటి?"

స్టేజీ మెట్లు నింపాదిగా ఎక్కింది. ఎవరికీ తల వంచలేదు. ఆ రోజు ఆమె పక్కన నడిచి ఇంటికి వెళ్లినంత గర్వంగా నేనెప్పుడూ నడవలేదు.

ఈ ఏడు గులాబీలతోనే పోటీకి వెళ్తానంది. పోయిన వారం ఫోనులో మళ్లీ మంచు మీద ఫిర్యాదే. "నారు ఎదగట్నేదే" అని విసుక్కుని, తనే సర్దుకుంది. "తొందరపెడితే మొక్క ఇంటాదేటి? ఉండాల."

మగవాళ్లు ఆమెను కాటికి తీసుకుని వెళ్లాక మేము ఇల్లు కడగడం మొదలుపెట్టాం. ఆమెతో పనిచేసిన మాలీ ఆడవాళ్లు డ్యూటీ నుంచి తిన్నగా వచ్చి ఉన్నారు. వాళ్లలో ఒకామె పెరట్లోకి తొంగి చూసి, "పానీ నహీఁ పడా" అంది, ఇవాళ మొక్కలకు నీళ్లు పడలేదని. ఎవరూ పురమాయించలేదు. తలో బకెట్ అందుకున్నారు. చీరకొంగులు నడుముకు దోపుకుని, ధార మొక్క మీద పడకుండా అరచేతుల్లోంచి జారవిడుస్తూ, నారుమళ్లన్నీ తడిపారు.