పాము నూనె

నోరా, వీపుకి తేకే అంటారు. నా నోరు మాత్రం మా మామ్మ కడుపుకి తెచ్చింది.

డెబ్బైల చివర్లో చోడవరం రేషన్ కొట్లోకి పామాయిల్ కొత్తగా వచ్చింది. అప్పటికి నాగుల చవితి వెళ్ళి వారమైంది. అమ్మ డబ్బా నిండా తెచ్చి గారెలు వేసింది. నేను ఆరు లాగించేను. మామ్మ మాత్రం పీట మీద కూర్చుని గారె వాసన చూసింది.

"ఇదేటి నూనే? నువ్వుల వాసనే లేదు."

"పామాయిలు మామ్మా."

"పామా?"

అక్కడ ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు. "అవును, చెరుకు ఆడినట్టు పాముల్ని ఆడి తీస్తారు" అన్నాను. మామ్మ పళ్ళెం తోసేసి లేచిపోయింది. ఏటా పుట్టలో పాలు పోసే మనిషి. నేను పుట్టింది ఆ పుట్ట దయ వల్లేనని ఆవిడ నమ్మకం.

అమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, అది చెట్టు నూనె అత్తయ్యా! తాటిచెట్టు లాంటిదే, ఎర్రగా గెలలు కాస్తాదంట."

"తాటిసెట్టుకి కల్లొస్తాది గానీ నూనొస్తాదేటే! నాకు సెప్పొచ్చేవు."

తెల్లారేసరికి చలికి నూనె డబ్బాలో తెల్లగా పేరుకుపోయింది. మామ్మ మూత తీసి, "సూడు, ఎలా సుట్ట సుట్టుకుని పడుకుందో!" అని రెండడుగులు వెనక్కేసింది. నేను పడిపడి నవ్వేను.

అమ్మ కొత్త గిన్నెలో చుక్క నూనె లేకుండా పప్పు వండి పెట్టింది. మామ్మ అదీ ముట్టలేదు. ఎందుకో మాకు అంతు పట్టలేదు. మూడోరోజు పెరట్లోకి వెళ్తూ కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. నాకు భయం వేసింది. పరుగెత్తుకెళ్ళి కాళ్ళు పట్టేసుకున్నాను.

"మామ్మా, వేళాకోళానికి అన్నాను. అది పాము కాదు. నీ మీదొట్టు, అన్నం తిను."

"నా మీద కాదు. పుట్ట మీద ఒట్టెయ్యి."

వేసేను. మామ్మ అక్కడే చతికిలబడి నా తల నిమిరింది.

"హమ్మయ్య. అయితే నీకేటీ అవదన్నమాట."

"నాకేటవుతాది?"

"ఆరు గారెలు తినీసేవు కదే గుంటా! ఆ సామి కోపం నీకు తగలకుండా నేను పస్తుంటానని మొక్కుకున్నాను."

సిగ్గుతో చచ్చిపోయేను. ఏడుపు ఆగలేదు.

"ఏడుపాపి మీ అమ్మతో సెప్పు, రెండు గారెలెయ్యమని," అంది మామ్మ. "ఆ సెట్టు నూనెతోనే."