విలువ కడతారన్న ఉత్తరం

ఆ గ్రంథాలయంలో చిరిగిన ప్రతి పుస్తకం మెట్ల కింది గదికి చేరేది. ఇరవై రెండేళ్లుగా అక్కడ పుస్తకాలు బైండు చేస్తున్న ఆమెను అందరూ బైండింగమ్మ అనేవారు. కుట్లు ఊడిన పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, "నిన్నెవరే తల్లీ, ఇలా పీక్కుతిన్నారు" అని పలకరించి గాని సూది పట్టేది కాదు. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టేది గాని, అర్థం తెలిసేది కాదు. ఆ అవసరం పడితే పై అంతస్తు టైపిస్టు ఉండనే ఉన్నాడు. అతను కొత్తగా చేరినప్పుడు టైఫాయిడ్‌తో మంచాన పడితే, నెల్లాళ్లు పూటపూటా క్యారియరు పంపింది ఆమే. అప్పట్నుంచి అక్కా తమ్ముళ్లయ్యారు.

ఒకరోజు ఆఫీసు నుంచి ఆమె పేర ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. మధ్యాహ్నం టైపిస్టుకు చూపించింది.

"ఏం రాశారు తమ్ముడూ?"

"శుభవార్తే అక్కా! ఇదిగో, అప్రేజ్ అని ఉంది. అంటే నీ పని చూసి విలువ కడతారన్నమాట. ఇన్‌ఛార్జిని చేసినా చేస్తారు. వాళ్లు పిలిచేదాకా పైకెళ్లి ఎవర్నీ అడక్కు, చెడుతుంది."

ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. అలమరలో మూలపడి ఉన్న పుస్తకాల్లో ఎవరూ బాగుచేయలేమన్నవే పన్నెండు ఏరింది. సెలవు రోజుల్లోనూ వచ్చి ఒక్కో కాగితం అతికించి, కుట్టి, కొత్త అట్టలు వేసి బల్ల మీద వరసగా పేర్చింది. విలువ కట్టేవాళ్లు వస్తారని రోజూ ఉతికిన చీర కట్టుకుని ఎదురుచూసింది.

ఇరవయ్యో రోజున ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చారు. పుస్తకాల వంక చూడకుండా గది కొలిచారు. బైండింగు పని బయటి కాంట్రాక్టరుకు ఇచ్చేశారనీ, ఈ గదిలో కంప్యూటర్లు పెడతారనీ చెప్పారు.

ఆమె గబగబా మెట్లెక్కి లైబ్రేరియన్ ముందు నిలబడింది. "నా పనికి విలువ కడతామని రాశారు కదండీ!"

లైబ్రేరియన్ ఉత్తరం తీసి చూసింది. "అప్రేజ్ కాదమ్మా, అప్రైజ్. వినడానికి ఒకలాగే ఉంటాయి. అప్రేజ్ అంటే విలువ కట్టడం. అప్రైజ్ అంటే తెలియజేయడం. గది ఖాళీ చేయించే విషయంలో తుది నిర్ణయం మీకు తెలియజేస్తామని రాశాం. అభ్యంతరముంటే పదిహేను రోజుల్లో చెప్పమని కింది వాక్యంలో ఉంది."

"పాపం, తమ్ముడు పొరబడ్డాడేమో" అంది బైండింగమ్మ.

"ఎవరు, టైపిస్టా? నేను ఆ రెండు మాటలకూ తేడా చెప్పి, దగ్గరుండి టైపు చేయించింది అతనితోనే. కాంట్రాక్టు వచ్చింది కూడా వాళ్ల బావమరిదికే. మీకు చెప్పలేదా?"

ఆమె తిన్నగా టైపిస్టు బల్ల దగ్గరికి వెళ్లింది.

"కింది వాక్యం ఎందుకు చదవలేదు?"

అతను తలెత్తలేదు. "ఒక్క అక్షరం తేడా అక్కా... కంగారులో..."

"అక్షరం సంగతి సరే. వాక్యం మొత్తం మింగేశారేం?"

ఎప్పుడూ నువ్వనే ఆమె మీరు అనడంతో అతని ముఖం మాడిపోయింది. "ఇంట్లో ఒత్తిడి అక్కా. నీకెలాగూ వేరే పని చూపిస్తారు కదా అని..."

ఆమె మిగతాది వినలేదు.

సాయంత్రం సంగతి విని భర్త మండిపడ్డాడు. "నాలుగు దులిపి రాకపోయావా?"

"దులపడానికైనా మనవాడై ఉండాలిగా" అంది.

అభ్యంతరం రాయించి ఇచ్చింది గాని, గడువు దాటిందని తిప్పి పంపారు. పుస్తకాలు తిరిగిచ్చేచోట ముద్ర కొట్టే పని చూపించారు. ఆ పన్నెండు పుస్తకాలూ ఎవరూ చూడకుండానే అలమరలకు చేరాయి. టైపిస్టు పొద్దున్నే ఆమె బల్ల ముందు ఆగి "అక్కా" అంటాడు. ఆమె ముద్ర తేదీ మార్చుకుంటూ ఉంటుంది.