అంగడి మామ చదవని ఉత్తరం

ఈ ఉదయం గూడూరు నుంచి అక్క వీడియో కాల్ చేసింది. ఇటు మా కోడలూ మనవడూ, అటు వాళ్ళింటి వాళ్ళూ ఆ చిన్న తెరలోకి తలలు దూర్చి పలకరించుకోవడం అయ్యాక, ఇక్కడ అందరం బాగున్నాం అంది అక్క, నేనూ అదే అన్నాను, కాల్ అయిపోయింది. ఫోను పక్కన పెట్టాక నాకు నవ్వొచ్చింది, ఆ మాట నాకు పాత పరిచయం.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు మా పాండిచ్చేరి దగ్గర బాహూరులో మా తాత ఇంటికి వచ్చేది. గడ్డివాము మీద వెల్లకిలా పడుకుని మేమిద్దరం ఓడలెక్కేవాళ్ళం, విమానాలు నడిపేవాళ్ళం. తను తెలుగు బడిలో చదివింది, నేను పాండిచ్చేరిలోనే ముత్తియాల్‌పేటలో తమిళ బడిలో చదివాను. మా ఇంట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడుతున్నా చదవడం వచ్చిన వాళ్ళు ఒక్కరూ లేరు. అందుకని రెండువేల సంవత్సరం దాటాక కూడా, అక్క ఉత్తరం వస్తే నేను బస్సెక్కి రెడ్డియార్‌పాళయంలో నెల్లూరాయన కిరాణా అంగడికి వెళ్ళేదాన్ని.

మామా అని పిలిచేదాన్ని ఆయన్ని. కళ్ళజోడు తగిలించుకుని, పప్పు కొనేవాళ్ళూ నూనె కొనేవాళ్ళూ వినేలా చదివేవాడు. జవాబూ ఆయనే రాసిపెట్టేవాడు. నేను చెప్పినదాంట్లో సగం, ఇవన్నీ ఉత్తరంలో రాస్తారా అని వదిలేసి, ఒంట్లో జాగ్రత్త అంటూ తన సలహా ఒకటి తగిలించేవాడు. మంచివాడే పాపం. కానీ పోనుపోను అక్క ఉత్తరాలు నాలుగు ముక్కలకు వచ్చేశాయి: అందరం బాగున్నాం, మీరూ బాగుండాలి. అక్క నన్ను మరిచిపోతోందని దిగులు పట్టుకుంది నాకు.

అప్పట్లో నేనొక అచ్చాఫీసులో బైండింగు పని చేసేదాన్ని. చేతులు ఫారాలు, అంటే పేజీలు అచ్చయిన పెద్ద కాగితాలు, మడిచి కుడుతుంటే మనసు దేశాలు తిరిగేది, మధ్యాహ్నం అన్నం తిన్నాక నేను కుట్టిన తమిళ కథల పుస్తకాలే ముందేసుకుని చదివేదాన్ని. ఇవన్నీ చెప్పుకోవడానికి అక్క తప్ప నాకెవరున్నారు? ఒకసారి యానాం బడి పిల్లల కోసం తెలుగు ఒకటో తరగతి వాచకం మా దగ్గరికి వచ్చింది. చిన్న పుస్తకం, అంతా ఒక్క ఫారంలోనే పట్టింది. చెడిపోయిన ఫారమొకటి అడిగి ఇంటికి తెచ్చుకుని, రెండు నెలలు దిద్ది, అక్క పాత ఉత్తరం తీస్తే సగం అక్షరాలు కొత్తముఖాలే. చూద్దును గదా, ఆ కాగితం ఒకవైపే అచ్చయింది, అంటే వాచకంలో సగం పేజీలే నాకు దక్కాయి. ఏళ్ళ తరబడి ఫారాలు మడిచినదాన్ని, ఆ మాత్రం చూసుకోలేదు! మా మేస్త్రి పగలబడి నవ్వి, రెండోవైపుదీ వెతికి ఇచ్చాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున కూర్చుని, పొద్దుగూకేసరికి రెండు పేజీలు రాశాను: నా పని, చదివిన కథలు, కుడుతూ కుడుతూ కనే పగటికలలు, అన్నీ వంకర అక్షరాల్లో. పదిరోజులకు జవాబొచ్చింది, కవరు లావుగా ఉంది. విప్పకుండా బస్సెక్కాను, గొప్ప చూపించుకోవద్దూ మరి! మామ అలవాటుగా చెయ్యి చాచాడు. నేను కవరు చింపి ఆయన ఎదుటే మనసులో చదువుకోసాగాను.

"ఏందమ్మాయ్, గట్టిగా చదువు, మేమూ ఇంటాం."

"ఇది నాకు రాసింది మామా," అన్నాను. ఆ పూట అంగడి మెట్లు దిగిన దర్పంతో నేను జీవితంలో మళ్ళీ ఎక్కడా నడవలేదు.

ఆరు పేజీలు. మొదటి మాటే, "ఆ అంగడాయన చదువుతాడంటే మనసులో మాట యాడ రాసేదే?" అని. స్కూటరు నేర్చుకుంటోందట, ఇంట్లో చెప్పలేదట, కాలవ గట్టున పడి మోకాలు చెక్కుకుపోతే మెట్ల మీద జారానని చెప్పిందట, ఆ బండి మీద పాండి దాకా వచ్చేస్తున్నట్టు రోజూ ఊహించుకుంటోందట. తిరుగుబస్సులో చదువుతూ దిగాల్సిన చోటు దాటిపోయాను. అక్క నన్ను మరిచిపోలేదు, ఎంత సంతోషమో!

కొన్నేళ్ళు అలా రాసుకున్నాం, తర్వాత చేతికి ఫోన్లు వచ్చి ఉత్తరాలు ఆగిపోయాయి. ఇప్పుడు రోజూ ముఖాలు చూసుకుంటున్నాం, ఇంటిల్లిపాదీ వింటుండగా. ఈ ఉదయం బాగున్నాం అంటున్నప్పుడు అక్క చూపు పక్కకి తిరిగింది. ఇద్దరం మళ్ళీ ఆ అంగడి ముందు నిలబడ్డట్టే అనిపించింది. మధ్యాహ్నం పోస్టాఫీసుకు వెళ్ళి రెండు కవర్లు కొన్నాను. ఒకదాని మీద అక్క పేరు రాశాను, జవాబు కోసం దాని లోపల మడిచిపెట్టిన రెండోదాని మీద నా పేరు రాశాను.