దారి అడిగిన ఫరారీ

1984 వానాకాలంలో నన్ను బొంబాయిలోని ఒక మేజిస్ట్రేటు కోర్టుకు తెలుగు దుబాసీగా వేశారు. బోనులో ఉన్నవాడు చెప్పినది చెప్పినట్టు, వాడు "నేను" అంటే మనమూ "నేను" అంటూ, హిందీలో పలకడం దుబాసీ పని. సొంతంగా ఒక్క ప్రశ్న వేసే హక్కు లేదు. నాలాంటి నోరు ఊరుకోని మనిషికి అదొక శిక్ష.

ఆ రోజు బోనులో కుర్మన్న అనే మహబూబ్‌నగర్ కూలీ ఉన్నాడు. అతను పనిచేసేచోట గోడ కూలి తోటి కూలీ చనిపోయాడు. పరంజా సరిగా కట్టక మనిషిని చంపి పారిపోయాడని గుత్తేదారు ఫిర్యాదు. పోలీసులు "ఫరారీ" అని రాసేశారు. ఆ ముద్ర పడితే జామీను దొరకడం కష్టం. వరండాలో చంటిబిడ్డతో, పక్కన వంట గంజుతో అతని భార్య బాలమణి కూర్చుని, నేను అటూ ఇటూ తిరిగినప్పుడల్లా "ఇడుస్తరా సారూ?" అంటోంది. తెలిస్తే చెప్పనూ!

ఎందుకు పారిపోయావని మేజిస్ట్రేటు అడిగారు.

"మనిషి సచ్చిన తావుల మేం పొయ్యి ముట్టియ్యం దొరా. గంజులు నెత్తిన వెట్టుకొని అందరం ఎల్లినం" అన్నాడు కుర్మన్న.

హిందీలో చెప్పాను. సర్కారు వకీలు, బాగుంది, పారిపోవడం కూడా ఆచారమేనా అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

ఇలాంటివాళ్లను తెలుగు పత్రికలు కాందిశీకులంటాయి. సంస్కృతంలో "కాం దిశం" అంటే "ఏ దిక్కుకు?" అని. భయంతో పరుగెత్తేవాడి నోట వచ్చే ప్రశ్నే వాడికి పేరయింది. ఫరారీ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. అందులో పరుగు ఉందిగానీ ఆ ప్రశ్న లేదు. ఇదంతా నాకు తెలుసు, చెప్పే వీల్లేదు.

తరువాత, అతన్ని పట్టుకున్న హవల్దారును పిలిచారు. ఎలా గుర్తుపట్టావని మేజిస్ట్రేటు అడిగితే అతను తల గోక్కున్నాడు. గుర్తుపట్టలేదు సాహెబ్, ఫోరస్ రోడ్ మీద వీడే నా దగ్గరికొచ్చి తన బంధువులుండే తెలుగువాళ్ల అద్దెగదుల చాళ్ ఎటు అని అడిగాడు, ఎక్కడినుంచి వస్తున్నావంటే గోడ కూలినచోటు నుంచని అదీ చెప్పాడు అన్నాడు.

కోర్టంతా గొల్లున నవ్వింది. మేజిస్ట్రేటు మాత్రం నవ్వలేదు. పోలీసునే దారి అడిగినవాడు ఫరారీ ఎలా అవుతాడని వకీలును నిలదీసి, కుర్మన్నను సొంత పూచీ మీద వదిలారు. కేసు నడుస్తుంది, మనిషి మాత్రం బయటే ఉంటాడు.

గేటు దగ్గర బాలమణి బిడ్డను హత్తుకుని బావురుమంది. కుర్మన్న గంజు నెత్తికెత్తుకుని నావైపు తిరిగాడు.

"ఇగ ఎటు వోవాలె సారూ?"

నేనుండేది దాదర్‌లో. వాళ్ల బంధువుల చాళ్ ఏదో నాకూ తెలియదు. తెలుగు కూలీలు ఎక్కువగా ఉండే కామాఠిపురా దాకా వెంట నడిచి, కనబడినవాళ్లనల్లా అడుగుతూ వెతికాను. దుబాసీకి ప్రశ్న వేసే హక్కు లేదని ముందే చెప్పాను. జవాబు చెప్పాల్సిన పని కూడా లేదని ఆ రోజుదాకా అనుకున్నాను.