ఒకే జీపులో ఎక్కని డిస్కులు

మొన్న మంగళవారం పొద్దున కడపలో మా ఆఫీసులో కొత్త సర్వర్‌కు ఏ డిస్కులు వేయాలా అని మాట్లాడుకుంటూ ఉండగా, జమ్మలమడుగు నుంచి సారు వాళ్ళ అక్క ఫోన్ చేసింది. "మీ సారు పాయె పాపా. కాఫీ తాగి, పేపరు చేతిలో పట్టుకోనే పాయె," అంది. ఆమె ఏడవలేదు, నేనూ ఏడవలేదు. మళ్ళీ వచ్చి కూర్చుంటే ఎదురుగా ఉన్న కొత్తమ్మాయి, "మేడమ్, రెండూ ఒకే కంపెనీవి తీసుకుందామా?" అని అడిగింది. వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పకుండానే లేచి బయటికొచ్చేశాను. ఆ అమ్మాయికి చెప్పలేకపోయింది మీకు చెబుతున్నాను.

సారు ప్రొద్దుటూరులో పాలిటెక్నిక్ లెక్చరరుగా రిటైరయ్యారు. అందరూ ఆ వయసులో ఇల్లు కట్టుకుంటారు, ఆయన సర్వర్ పెట్టుకున్నారు. బట్టల కొట్టు మీద ఒక గది, ఒక నెట్ లైను, బ్యాటరీల వరుస, ఇనుప బీరువా అంత పెట్టె. చుట్టుపక్కల కాలేజీలు, నగల అంగళ్ళు, చీనీ, అదే బత్తాయి, తోటలవాళ్ళు, అందరి వెబ్‌సైట్లూ ఆ పెట్టెలోనే ఉండేవి. చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నారు. మాది తొండూరు దగ్గర పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. డిప్లొమా చదివిన ఆడపిల్ల మా ఇంట్లో నేనే మొదలు.

ఆ గదిని తలుచుకుంటే ఇప్పటికీ సగం నిద్రలో ఉన్నట్టుంటుంది. కిటికీకి వట్టివేళ్ళ తడిక. దాని మీద సారు గంటకోసారి చెంబుతో నీళ్ళు చల్లేవారు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఊరంతా తలుపులేసుకుని పడుకున్నప్పుడు, ఆ తడి వాసనలో, ఫ్యాన్ల హోరులో, మేమిద్దరం మాట్లాడుకోకుండా గంటలు గంటలు కూర్చునేవాళ్ళం. ఆయన చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చి, పెట్టె మీద అరచెయ్యి వేసి కళ్ళు మూసుకునేవారు. మా నాన్న ఈనబోయే గొర్రె డొక్క మీద అట్లాగే చెయ్యేసేవాడు. "ఎడమపక్కది కొంచెం గొణుగుతాంది పాపా," అనేవారు. చూస్తే ఎడమవైపు డిస్కే వేడెక్కి ఉండేది.

అవి ఫ్యాక్షన్ ఇంకా చల్లారని ఏళ్ళు. ఎన్నికలొస్తే రెండు పార్టీలవాళ్ళూ మా దగ్గరికే వచ్చేవారు. బయట ఒకరి వీధిలో ఒకరు నడవనివాళ్ళు, మా పెట్టెలో పక్కపక్కనే పడుకున్నారని సారు ముసిముసిగా నవ్వేవారు. "నువ్వు ఎవురి పక్కప్పా?" అని వాళ్ళు నిలదీస్తే ఆయన జవాబు ఒక్కటే. "మా నాయన పురోహితుడు. రెండు పార్టీలోళ్ళకూ కర్మలు జరిపించినోడు. నేను యా పక్కకని పోదును?"

అట్లా ఒక ఎన్నికల ముందే పాత డిస్కులు తీసేసి కొత్తవి వేయాల్సి వచ్చింది. మా పెట్టెలో పట్టేవి రెండే. రెండింటినీ ఒకటిగా కలిపి సగం దీంట్లో, సగం దాంట్లో రాస్తే పని చురుగ్గా సాగుతుంది, జాగా కూడా ఎక్కువ. కానీ ఒకటి పోతే అంతా పోతుంది. అట్లాకాక రెండింటిలోనూ ఒకే సంగతి రాస్తే జాగా సగమవుతుంది, ఒకటి పోయినా రెండోది నిలబడుతుంది. ఒక పార్టీ తరఫున వచ్చిన కుర్రాడు మొదటిదే కావాలన్నాడు. "సార్, మా లీడరు ఫోటో టక్కున రావల్ల. అవతలోళ్ళది ముందొస్తే మాకు శానా నామోషీ."

"టక్కున వచ్చేది టక్కున పోతాదప్పా. రెండోదే ఏస్తాండా," అని సారు మళ్ళీ తడిక తడపడానికి లేచారు.

డిస్కులు నేనే హైదరాబాదు నుంచి తెప్పించాను. ఒకే కంపెనీ, ఒకే అట్టపెట్టె, వరుస నంబర్లు. ఏరి తెచ్చినట్టు భలే ఉన్నాయని నాకు గర్వం. సారు వాటిని వెలుతురులో పట్టుకుని నంబర్లు చదివారు. "ఒకే కాన్పు పిల్లలు పాపా ఇవి. ఒకేతూరి పుట్టినాయి, ఒకేతూరి అలిసిపోతాయి. మన పక్క పెద్దిండ్లలో తండ్రీకొడుకులు ఒక జీపులో ఎక్కుతారా? నువ్వు ఎక్కించినావే," అన్నారు.

నేను తల వంచుకున్నాను. మా నాన్న, చిన్నాయన ఒకే జీపులో ఎక్కారు. పులివెందుల దాకా పోయొస్తామని వాళ్ళ నాయకుడి బండెక్కి, ఇద్దరూ రాలేదు. దారిలో మాటు కాశారు. పెద్దిళ్ళవాళ్ళకు తెలిసిన జాగ్రత్త, వాళ్ళ వెనక తిరిగే గొర్రెలోళ్ళకు ఎవరు చెబుతారు? అప్పుడు నాకు పదకొండేళ్ళు. ఈ మాట సారుకు అంతవరకూ తెలియదు. చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మీ నాయన ఫోటో ఉండాదా?" అని అడిగారు.

ఆయన ఒక వెబ్‌పేజీ నడుపుతున్నారని నాకప్పుడు తెలిసింది. ఫ్యాక్షన్లో పోయినవాళ్ళ ఫోటోలు. పేరు, ఊరు, అంతే. పార్టీ రాయరు, ఎవరు చంపారో రాయరు. రెండువైపుల ఆడవాళ్ళూ చీర కొంగులో ఫోటో దాచుకుని వచ్చి స్కాన్ చేయించుకుపోయేవారు. "చచ్చిపోయినాక గూడా పార్టీ ఏందప్పా," అనేవారు సారు.

ఒక శనివారం మా అమ్మను అడిగి నాన్న ఫోటో తెచ్చాను. నాన్నకున్నది ఆ ఒక్క ఫోటోనే. చెమ్మకు అంచులు చుట్టుకుపోయి, తాకితే పొరలు లేచేటట్టుంది. సారే స్కాన్ చేసి పేజీలో పెట్టారు. ఆ సాయంత్రం నేను ఊరికి పోతుంటే వాన. ఏడాదంతా మొగులుకేసి చూసినా కురవని మా పల్లెలో, ఆ ఒక్కరోజే కుండపోతగా కురిసింది. ఇల్లు చేరి సంచీ విప్పితే ఫోటో ప్లాస్టిక్ కవరుకు అంటుకుపోయింది. ఊడదీస్తే నాన్న మొహం కవరు మీదికొచ్చి చెదిరిపోయింది. అమ్మకు చెప్పే ధైర్యం లేక నా ట్రంకుపెట్టెలో అడుగున దాచాను. పోనీలే, సర్వర్లో ఉంది కదా అనుకున్నాను. మర్నాడు ఆదివారం, ఎక్కడో ఎవరినో నరికారని జిల్లా అంతా బందు. బస్సుల్లేక సోమవారం గానీ ప్రొద్దుటూరు చేరలేదు.

మంగళవారం పార్టీ కుర్రాడు ఊరేగింపు ఫోటోలు తెచ్చి నా నెత్తిన కూర్చున్నాడు. జాగా లేదు. అతన్ని పంపించేయాలన్న తొందరలో ఒక డిస్కులో పాతవి తీసేస్తే రెండోదాంట్లో ఎలాగూ ఉంటాయి కదా అనుకుని, ఆ ఫోటోల పేజీ మొత్తం చెరిపేశాను. రెండోది తెరిచి చూస్తే అందులోనూ లేదు. సారు వచ్చి నా వెనక నిలబడ్డారు.

"రెండోదాంట్లో ఉంటాదనుకున్యా సార్," అన్నాను.

"అద్దం ముందర నిలబడి నువ్వు బొట్టు చెరుపుకుంటే, అద్దంలో మనిషికి మాత్రం ఉంటాదా పాపా?" అన్నారు. తిట్టలేదు. "లెయ్, జమ్మలమడుగు పోదాం."

ప్రతి ఆదివారం ఆయన అక్కగారింటికి పోయేది ఆమె చేతి వంట కోసమనే అనుకునేదాన్ని. ఆ వారం వరకూ ఉన్నదంతా వేరే డిస్కులో కాపీ చేసుకుని, తువ్వాలులో చుట్టి తీసుకుపోయి, అక్కడ పెట్టి, ముందు వారం పెట్టినదాన్ని వెనక్కి తెచ్చేవారట. ఆ మాట బస్సులో చెప్పారు. నా ప్రాణం లేచొచ్చింది, మరుక్షణమే కుంగిపోయింది. నాన్న ఫోటో పెట్టింది శనివారం. ఆదివారం బందు, బస్సులు కదల్లేదు. అంటే అక్కడున్నది అంతకుముందు వారానిది. ఆయన్ని అడగడానికి భయమేసింది. కిటికీలోంచి నల్లరేగడి చేలు, పొద్దుతిరుగుడు పూలు, పెన్న ఇసుక మీద ఎండ, అన్నీ నీళ్ళలో కదిలినట్టు వెనక్కి పోతున్నాయి. అవి నా కంటి నీళ్ళని తర్వాత తెలిసింది. సారు పక్కన కూర్చుని నిద్రపోతున్నారు.

వాళ్ళ అక్క జొన్నల కుండలో మోచేతి దాకా చెయ్యి పెట్టి మూట తీసింది. నా మొహం చూసి, "ఏందిమ్మా అట్లుండావు?" అంది.

"బందు నాడు సారు రాలేదు కదమ్మా," అన్నాను.

"రాకేం? ఆ పొద్దు సైకిలు తొక్కుకోని వచ్చినాడు. అరవై ఏండ్ల మనిషి, ఒళ్ళంతా దుమ్ము. అంత అగత్యమేందిరా అంటే, నిన్న ఒక పిల్ల వాళ్ళ నాయన్ను తెచ్చిచ్చిందక్కా అన్యాడు."

నేను ఆ వసారాలో కూర్చుని బిగ్గరగా ఏడ్చాను. సారు మజ్జిగ తాగుతూ, ఏమీ విననట్టు వీధిలోకి చూస్తూ ఉండిపోయారు. ఆ సాయంత్రానికల్లా ఫోటోలన్నీ మళ్ళీ వాటి చోటికి వచ్చాయి. రెండు డిస్కుల్లో ఒకదాన్ని వేరే కంపెనీదానితో మార్చేశాం. అమ్మకు కొత్త ఫోటో వేయించి ఇచ్చాను. తడిసినదాని సంగతి ఈరోజుకీ ఆమెకు తెలియదు.

తర్వాత నేను కడపకు వచ్చేశాను. సారు ఆ గది ఎత్తేశాక పేజీని నా చేతికిచ్చారు. అది ఇప్పుడు మూడు ఊళ్ళలో మూడు చోట్ల ఉంది. ఆయనకు నేను తీర్చుకున్న రుణం అంతకు మించి లేదు.

నిన్న వాళ్ళ అక్క మళ్ళీ ఫోన్ చేసింది. పటం కట్టించడానికి తమ్ముడి ఫోటో ఒక్కటి కూడా ఇంట్లో లేదట. నా దగ్గర ఉంటుందనుకుంది. ఊరందరి ఫోటోలూ దాచిన మనిషి, తనది ఒక్కటీ దాచుకోలేదు. అన్నీ వెదికాను. ఎక్కడా లేదు. ఊరికే మనసు నిలవక నాన్న ఫోటో తెరిచాను. ఇన్నేళ్ళుగా ఆ బొమ్మలో నేను మొహమే చూశాను గానీ అంచులు చూడలేదు. కింద కుడివైపు, స్కాన్ చేసేటప్పుడు చుట్టుకుపోయే మూల లేవకుండా, నాన్న భుజానికి ఆనుకుని, మెల్లగా అదిమి పట్టుకున్న ఒక బొటనవేలు ఉంది.